లచ్చపుట్టు హాజరు

కొత్తరేవు రేడియో కేంద్రం, రోజు పుస్తకం
మౌనం తరవాత ఇరవై మూడో ఏడు
రాసేది: మజ్జి నూకరత్నం

మౌనం తరవాత 8,214వ రోజు. లచ్చపుట్టు పలకనిది ఒకటో రోజు

ఉదయం ఆరున్నర. గాలి తగ్గింది, మబ్బు అలాగే ఉంది. పిలిచిన ఊళ్ళు ముప్పై ఒకటి. పలికినవి ముప్పై.

ఈ పుస్తకంలో సమయం, వాతావరణం, పలికిన ఊళ్ళ లెక్క తప్ప మరో ముక్క రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టింది నేనే. పదకొండేళ్ళుగా దాన్ని తప్పుతున్నదీ నేనే. ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకుందాం.

నిన్నటి తుఫానుకి కొత్తరేవులో ఎనిమిది పడవలు చెక్కముక్కలయ్యాయి. మౌనం నాడు మూగబోయాక బడి పైకప్పుకి పెంకుల్లా పరిచిన పాత ఫోన్లు సగం ఎగిరిపోయాయి, వీధుల నిండా నల్లటి గాజుముక్కలే. చెప్పుల్లేకుండా ఎవరూ బయటికి రావద్దని దండోరా వేశారు. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కానీ రాజుకొండ మీద మా రిపీటరు టవరు మొదలంటా విరిగిపోయింది. కొండకి ఇటు పక్కనున్న ఊళ్ళన్నీ మాకు నేరుగానే అందుతాయి. అటు పక్క లోయలో ఉన్నది లచ్చపుట్టు ఒక్కటే. దాని మాట ఆ టవరెక్కి దిగి మా దగ్గరికి వచ్చేది.

హాజరు పిలిచినప్పుడు ప్రతి ఊరూ మూడు సంగతులు చెప్పాలి. నీళ్ళు, జ్వరం, దారి. అంతే. లచ్చపుట్టు కేంద్రం చూసే కొర్రా బుద్రి మాత్రం తొమ్మిదేళ్ళుగా నాలుగోది కూడా చెబుతూనే ఉంది. పనస విరగకాసిందనో, మేక రెండు పిల్లల్ని వేసిందనో, చెల్లెలు తనతో మాట్లాడటం మానేసిందనో. మూడు ముక్కలే చెప్పాలమ్మా అని నేను కసురుతాను. సరే అప్పా అంటుంది, అక్కని అలాగే పిలుస్తుంది. మర్నాడు మళ్ళీ నాలుగోది. ఆమె మొహం నేనెప్పుడూ చూడలేదు.

ఇవాళ ఆ పేరు మూడుసార్లు పిలిచాను. హోరు తప్ప ఏమీ వినబడలేదు. పేరు ఎదురుగా సున్నా పెట్టాను.

8,217. నాలుగో రోజు

ఆరున్నర. ఉక్కపోత. ముప్పై.

సభ కూర్చుంది. ముప్పై రోజులు వరసగా పలకని ఊరి పేరు జాబితాలోంచి కొట్టేయాలి. ఈసారి సరిగ్గా ఆ మర్నాడే, ముప్పై ఒకటో రోజున, ఉప్పూ జ్వరం మందూ వేసుకొని ఎడ్లబళ్ళు బయలుదేరతాయి. ఘాటు రోడ్డు ఎప్పుడో జారిపోయింది కాబట్టి చుట్టుదారిన పన్నెండు రోజులు. వానలు పడితే ఆ దారీ ఉండదు. అందుకని జాబితాలో ఉన్న ఊళ్ళకే సామాను ఎక్కిస్తారు.

లచ్చపుట్టులో అరవై నాలుగు ఇళ్ళు. కిందటేడు మందు రెండు వారాలు ఆలస్యమైతే తొమ్మిదిమంది పోయారు. ఆ తొమ్మిది పేర్లూ బుద్రి హాజరులో ఒక్కొక్కటిగా చదివింది. ఆ రోజు నేను కసరలేదు.

వేరేవాళ్ళు విని చెబితే చాలదా అని నేనే అడిగాను. సభ పెద్ద దన్నాన తిరుపతిరావు నా వైపు జాలిగా చూశాడు.

"ఇది నువ్వు రాసిందే గదా రత్నం. సదవమంటావా?"

చదవక్కర్లేదు. ఆరేళ్ళ కిందట ఒక ఊరు ఖాళీ అయిపోతే, ఎప్పటికైనా వాళ్ళు తిరిగొస్తారన్న ఆశతో పక్క ఊరివాళ్ళు దాని పేరున హాజరు పలికారు. ఎవరూ లేని ఊరికి బళ్ళు వెళ్ళాయి. వాగు పొంగి ముగ్గురు బండివాళ్ళు కొట్టుకుపోయారు. "కేంద్రం స్వయంగా విన్నదే హాజరు" అని ఆ తరవాత రాసింది నేను. అప్పట్లో అందరూ నా చేతిరాతని మెచ్చుకున్నారు కూడా.

8,220. ఏడో రోజు

ఆరున్నర. ఎండ. ముప్పై.

సైన్యం వదిలేసిన పాత డిపో షెడ్డు తాళం ఈ నెలలోనే తీశారు. ఎవరికి ఏది అవసరమో అర్జీ పెట్టి తెచ్చుకోవచ్చన్నారు. అందరూ గుడారాల మీదా ట్రక్కు చక్రాల మీదా పడ్డారు. మూలనున్న ఆకుపచ్చ కాన్వాసు సంచుల వైపు ఎవరూ చూడలేదు. పక్కింటి పైడమ్మా నేనూ రెండు సంచులు బండి మీద వేసుకొచ్చాం. పైడమ్మకి రేడియో అంటే గిట్టదు. వలలు లాగిన చేతులు కాబట్టి మోతకి పిలిచాను. ఇందులో తినేది ఏమైనా ఉందా అని దారంతా అడుగుతూనే ఉంది.

ఒక సంచి విప్పి ఇద్దరం వాకిట్లో పరిచాం.

ఆరు అల్యూమినియం గొట్టాలు, ఒక్కోటి పొడగరి మనిషంత. ఒకదాని మూతి ఇంకోదానిలోకి దిగుతుంది. దిగాక ఊడకుండా ఒక పిన్ను, ఆ పిన్ను పోకుండా ఒక చిన్న గొలుసు. బిగించి కట్టే తాళ్ళు మూడు పొడవుల్లో ఉన్నాయి. వాటి కొసలకి ఎరుపు, పసుపు, తెలుపు రంగులు వేశారు, ఏ తాడు ఎక్కడ కట్టాలో గొట్టాల మీదా అవే రంగులు. చదువు రానివాళ్ళు కూడా పొరపాటు పడరు. మేకుల తలలు గుండ్రంగా అరగదీసి ఉన్నాయి, చలికి కొయ్యబారిన వేళ్ళు గీసుకోకూడదని కాబోలు. సంచి లోపల ఒక్కో వస్తువుకి ఒక్కో పట్టీ కుట్టారు. నేను కళ్ళు మూసుకొని చెయ్యి పెట్టి చూశాను. గూటం సరిగ్గా చేతికి తగిలింది. ఎప్పుడో, ఎవరికో, ఏ చీకట్లోనో ఇది అవసరమవుతుందని ముందే ఆలోచించి కుట్టినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. వాళ్ళంటే గౌరవం కలిగింది.

మూడో గొట్టం మూతి ఎప్పుడో చిట్లింది. దానికెవరో సిపాయి రాగి తీగ చుట్టాడు. పద్నాలుగు చుట్లు, సందు లేకుండా పక్కపక్కనే, కొస కనబడకుండా లోపలికి దోపి. నిమిరితే ఎక్కడా గీసుకోలేదు. పైడమ్మ కూడా రెండుసార్లు నిమిరి, పనోడే అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

అడుగున నా భుజం దాకా వచ్చే పొట్టి కర్రలు రెండున్నాయి, రెండు చుట్టల తీగ ఉంది. తీగ సరే. ఆ కర్రలు మాత్రం వేరే ఏదో స్తంభం ముక్కలు, మిగతావి డిపోవాళ్ళు పోగొట్టేసుంటారు. సామాను సగం సగం ఇస్తారా అని వాళ్ళని తిట్టుకున్నాను. సంచి మూత లోపల బొమ్మలతో సూచనలు అచ్చువేసి కుట్టారు గానీ సగం చెదలు తినేశాయి. ఒక మూల నిలబెట్టిన స్తంభం మిగిలింది. ఇంకో మూల మోకాళ్ళ మీద కూర్చున్న సిపాయి ఒకడు మిగిలాడు. మేకు దిగ్గొడుతున్నాడేమో.

పొట్టి కర్రలు దొడ్లో పాతి తాడు కట్టాను. చీరలు ఆరేసుకోవడానికి బాగా పనికొచ్చాయి.

8,221. ఎనిమిదో రోజు

ఆరున్నర. ముప్పై. మధ్యాహ్నం స్తంభం ఎత్తాం.

నేను పుస్తకాలు చదివినదాన్నే కానీ ఎత్తడం తెలిసింది పైడమ్మకి. తెరచాప కర్ర నిలబెట్టినట్టే అంది. ఎదురెదురు తాళ్ళు ఒకేసారి బిగించాలని, ఒకరు లాగితే ఇంకొకరు వదలకూడదని, పైకి చూస్తూ లాగితే మెడ పట్టేస్తుందని, తాడు మీదే చూపు పెట్టాలని వరసగా చెప్పింది. ఇద్దరం కలిసి ఇరవై నిమిషాల్లో ముప్పై ఆరడుగులు లేపాం. చుట్టలో తీగ ఒకటి దాని పొడవునా పైకి పాకించాను. గాలికి కొంచెం ఊగింది గానీ వాలలేదు. పైడమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని కాసేపు చూసి, ఇది సముద్రంలో కూడా నిలబడుతుంది అంది.

రేపు ఉదయం బుద్రిని వింటాను.

8,222. తొమ్మిదో రోజు

ముప్పై. లచ్చపుట్టు లేదు.

8,225. పన్నెండో రోజు

ఆరున్నర. పల్చటి మబ్బు. ముప్పై.

ఈ స్తంభం చేస్తున్న పని చూస్తే గర్వంగానూ ఉంది, ఒళ్ళు మండిపోతోంది కూడా. నిన్న సాయంత్రం పోర్ట్‌బ్లెయిర్ పలికింది. అక్కడి కేంద్రం చూసే సూరాడ డేవిడ్ వాళ్ళ తాత మా ఊరివాడే, ఎప్పుడో పడవెక్కి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. మన వైపు మాట విని ఏడేళ్ళయిందని, కొత్తరేవు వలల్లో ఇంకా నెత్తళ్ళు పడుతున్నాయా అని అడిగాడు. తరవాత కొలంబో పలికింది. ఇవాళ పొద్దున మస్కట్ నుంచి ఎవరో పెద్దాయన, మీ గొంతు గంటలా మోగుతోందన్నాడు.

నాలుగు సముద్రాల అవతలివాళ్ళు వింటున్నారు. కాకి ఎగిరితే పాతిక కోసుల దూరంలో ఉన్న లచ్చపుట్టు వినడం లేదు.

డేవిడ్ ఒక మాట చెప్పాడు. పొద్దుట మా హాజరు వేళకి తన రేడియోలో లోపలెక్కడో చాలా సన్నగా ఒక ఆడగొంతు వస్తోందట. మాటలు తెలియవు గానీ ఏదో పిలిచి, ఆగి, మళ్ళీ పిలుస్తున్నట్టుందట. అది బుద్రే. ఆ వేళ దాటితే ఆమె ఉండదు. వాళ్ళ సెట్టు చేత్తో తిప్పే జనరేటరుతో నడుస్తుంది, తిప్పే మనిషి పొలానికి వెళ్ళిపోవాలి.

8,230. పదిహేడో రోజు

ఆరున్నర. గాలి. ముప్పై.

ఎత్తు చాలలేదేమో అనిపించింది. రేడియో పని చేసే మా అందరికీ ఉన్న జబ్బే ఇది. ఏది వినబడకపోయినా ఇంకో గొట్టం తగిలిస్తాం. రెండో సంచి విప్పి మరో మూడు గొట్టాలు పైన వేశాం. ఇప్పుడు తొమ్మిది. ఈసారి లాగడానికి ఎనిమిదిమంది కావలసి వచ్చారు. నిలబడగానే ఊరంతా చప్పట్లు కొట్టింది. తిరుపతిరావు దాని కొసకి జెండా కట్టించాడు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి వచ్చి దాని మొదట్లో పసుపు బొట్టు పెట్టి వెళ్ళింది. సముద్రం మీద నుంచి ఇల్లు పోల్చుకోవడానికి ఇదే గుర్తని పడవలవాళ్ళు అంటున్నారు. చూస్తే నాకూ కడుపు నిండుతుంది. అంత సన్నటి గొట్టాలు అంత గాలిని ఎలా తట్టుకుంటున్నాయో ఆ తాళ్ళ లెక్క వేసినవాళ్ళకే తెలియాలి.

మర్నాటి హాజరు కూడా రాశాకే సంతకం పెడదామని పుస్తకం మూయలేదు. మర్నాడూ ముప్పై. జపాన్ వాళ్ళెవరో పలికారు.

8,235. ఇరవై రెండో రోజు

ఆరున్నర. ఎండ. ముప్పై.

డేవిడ్ విన్న గొంతు సంగతి సభలో పెట్టాను. డేవిడ్ మాటలు విన్నాడా అని అడిగారు. లేదన్నాను. పేరు విన్నాడా. లేదు. మరి అది లచ్చపుట్టే అని ఎలా తెలుసు. తెలుసన్నాను. వాగులో పోయిన ఆ ముగ్గురు బండివాళ్ళలో ఒకడి భార్య సభలో ఎదురుగా కూర్చుని ఉంది. ఆమెని చూసి నేను లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏడ్చాను. తొమ్మిదేళ్ళు నాలుగో ముక్క చెప్పొద్దని కసిరాను. ఇప్పుడు పొద్దున్నే లేచి ఆ నాలుగో ముక్క కోసమే కూర్చుంటున్నాను.

8,242. ఇరవై తొమ్మిదో రోజు

ఆరున్నర. పడమట మబ్బు కడుతోంది. ముప్పై.

కొట్టేయడానికి ఎర్ర సిరా పెన్ను బల్ల మీద పెట్టి పంపించారు. రేపు హాజరయ్యాక నా చేత్తోనే గీత గీయాలి.

పొద్దున పదింటికి సోంపేట వైపు నుంచి పడవలో ఒక ముసలాయన దిగాడు. పేరు బొడ్డేపల్లి గవరయ్య, మౌనానికి ముందు సైన్యంలో సిగ్నల్స్ హవల్దారు. డెబ్బై తొమ్మిదేళ్ళు. మా స్తంభం గురించి పడవలవాళ్ళు చెబితే చూడాలనిపించి వచ్చాడట. దాని ఎదుట కర్ర పక్కన పెట్టి నిటారుగా నిలబడ్డాడు. ఒక్కో మేకూ వంగి చూశాడు. మూడో గొట్టం రాగి కట్టు దగ్గర ఆగి, ఇది నేను కట్టింది కాదు గానీ మావాళ్ళ చేతి కట్టే అన్నాడు. ఇంత ఎత్తు నేనెప్పుడూ లేపలేదని మెచ్చుకున్నాడు.

అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే నేనూ పైడమ్మా వెళ్ళి చూశాం. నా చీరల తాడు ముందు నిలబడి, దగ్గు వచ్చేదాకా నవ్వుతున్నాడు.

"మేమూ ఇదే సేసేవోళ్ళం తల్లీ. దీని మీదే మేజోళ్ళు ఆరేసుకునేవోళ్ళం."

నాకర్థం కాలేదు. ఆయన చెప్పుకొచ్చాడు. కొండల్లో ఉన్నప్పుడు పొడుగు స్తంభం అసలు ఎత్తేవాళ్ళు కాదట. ఈ రెండు పొట్టి కర్రలూ పాతి, తీగ అడ్డంగా, మనిషి భుజమంత ఎత్తులో కట్టేవారట. అటూ ఇటూ వెళ్ళాలంటే దాని కింద నుంచి వంగి వెళ్ళాల్సిందే. కొత్తగా వచ్చిన ఆఫీసరు దీన్ని చూసి బట్టల దండెం అని వెక్కిరించాడట.

"మరి వినబడేదా బాబాయ్?"

"దూరాభారం మాట నాకు తెల్దు. కొండెనకాలున్న మావోళ్ళు మటుకు పక్కగదిలోంచి మాటాడినట్టుండీవోరు."

ఎందుకలా అంటే తనకి తెలియదన్నాడు. కట్టమన్నారు, కట్టాం అన్నాడు.

నాకు తెలిసింది. మొక్కలకి నీళ్ళు పట్టే పైపు ముందుకి వంచితే నీళ్ళు దూరాన పడతాయి, పైకి ఎత్తితే మన చుట్టూ పడతాయి. నిలువుగా పెట్టిన తీగ మాటని దూరానికి విసురుతుంది, అది కొండనీ లోయనీ దాటి మస్కట్‌లో పడుతుంది. నేలకి దగ్గరగా అడ్డంగా కట్టిన తీగ మాటని నడినెత్తికి పంపిస్తుంది, అది ఆకాశానికి తగిలి చుట్టుపక్కలంతా, కొండకి ఇటూ అటూ దిగుతుంది. పుస్తకాల్లో చదివిందే. చదివి, చిన్న చిన్న ఎత్తులు మనకెందుకని పేజీ తిప్పేశాను. వినడం కూడా అంతే, నిలువు తీగకి నెత్తి మీద నుంచి దిగే మాట అందదు.

లోపలికి పరిగెత్తి సంచి మూత తీసి చూశాను. మోకాళ్ళ మీద కూర్చున్న ఆ సిపాయి మేకు కొట్టడం లేదు. అతని పక్కన చెదలు తినగా మిగిలిన చిన్న గీత ఉంది. అది పొట్టి కర్ర. అతను దానికి తీగ కడుతున్నాడు. ఈ సంచి తయారుచేసినవాళ్ళు దూరానికీ దగ్గరికీ రెండింటికీ సామాను పెట్టారు. ఒక్కటి కూడా మరిచిపోలేదు. నేను ఇరవై రెండు రోజులు వాళ్ళ తెలివి మీద చీరలు ఆరేశాను.

బుద్రికి స్తంభం లేదు. ఆమె తీగ ఎప్పుడూ రెండు చెట్ల మధ్యే అడ్డంగా ఉంటుంది.

మధ్యాహ్నం స్తంభం దించుతానంటే తిరుపతిరావు పరిగెత్తుకొచ్చాడు. జెండా ఉందన్నాడు. జపాన్ వింటోందన్నాడు. పక్క ఊళ్ళ ముందు పరువు పోతుందన్నాడు. ఆయన చెప్పిందంతా విన్నాను, ఎందుకంటే నిన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను. మన మందుల బళ్ళు జపాన్ వెళ్తాయా అని అడిగాను. ఆయన కాసేపు పైకి చూసి, కండువా నడుముకి చుట్టుకొని ఒక తాడు పట్టుకున్నాడు.

ఎత్తడం కన్నా దించడం కష్టం. గవరయ్య ముక్కాలిపీట మీద కూర్చొని ఒక్కో రంగూ పేరు పెట్టి పిలిచాడు, ఆ రంగు తాడు పట్టుకున్నవాళ్ళు కొంచెం వదిలారు. పెద్ద గొంతేమీ కాదు. అయినా అందరూ విన్నారు. తొమ్మిది గొట్టాలు ఇసక మీద మెల్లగా పడుకున్నాయి, ఒక్కటీ వంగలేదు. పైడమ్మ నా చీరలు తీసి చంకలో పెట్టుకొని, పొట్టి కర్రలు తనే పీకి తెచ్చింది. వాటిని పాతి, తీగ అడ్డంగా కట్టి, కేబుల్ కలిపేసరికి పొద్దు వాలింది. చూడటానికి ఏమీ లేదు. ఊరివాళ్ళు కాసేపు నిలబడి ఇళ్ళకి వెళ్ళిపోయారు.

8,243. ముప్పయ్యో రోజు

ఆరుంపావుకే సెట్టు వేశాను. గవరయ్య, పైడమ్మ, తిరుపతిరావు గదిలో ఉన్నారు. ఎర్ర పెన్ను బల్ల మీద ఉంది.

హాజరుకి ఇంకా పదిహేను నిమిషాలుంది. వినబడుతుందని అనుకోలేదు. స్పీకరు గుండీ తిప్పితే అటు మనిషి అప్పటికే మాట్లాడుతోంది. పక్కగదిలోంచి అన్నాడే గవరయ్య, అంతకన్నా దగ్గరగా.

"కొత్తరేవు. లచ్చపుట్టు పిలుస్తన్నాది. కొత్తరేవు."

ఆగింది. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు. కాగితం మీద పెన్ను గీరుకున్న చప్పుడు కూడా వినిపించింది.

"పలకలేదు. ఇది ముప్పయ్యో సున్నా."

బుద్రి హాజరు పలకడం లేదు. హాజరు పిలుస్తోంది. నెల రోజులుగా వాళ్ళ పుస్తకంలో మా పేరు ఎదురుగా సున్నాలు పెడుతోంది.

మీట నొక్కాను. పైడమ్మ వెనక నుంచి వీపు మీద ఒకటి వేసింది. బుద్రీ అన్నాను.

అక్కడ జనరేటరు తిప్పే మనిషి ఆపేశాడేమో, హోరు తగ్గి మళ్ళీ పెరిగింది.

"రత్నమప్పా. బతికున్నారేటి?"

ఉన్నామన్నాను. అందరూ ఉన్నారన్నాను. మూడు సంగతులూ చెప్పమన్నాను, ఎందుకంటే అది తప్ప నాకు ఇంకేం మాట్లాడాలో తెలియలేదు. నీళ్ళు బాగున్నాయంది. జ్వరం పదకొండు మందికి ఉంది, అందులో నలుగురు పిల్లలంది. దారి లేదంది. అంతటితో ఆపేసింది. తొమ్మిదేళ్ళుగా నేను చెబుతున్నట్టే సరిగ్గా మూడు దగ్గర ఆపింది.

"నాలుగోది?" అన్నాను.

"నాలుగోదా." నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "తుపానుకి మీ ఊరు కొట్టుకుపోయిందనుకున్నాం. ఎవులైనా మిగిలుంటే తింటారని ఇంటికో కుంచెడు సోళ్ళు తీసి పక్కనెట్టాం. వానలకి ముందే దింపుదామనుకున్నాం."

పేరు కొట్టేసే రోజు ఇవాళే కదా, నియమం ప్రకారం ఎవరికీ ఏమీ పంపకూడదు కదా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"నియమం మీది గదా అప్పా. గింజలు మావి."

తిరుపతిరావు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఎర్ర పెన్ను నేను డ్రాయరులో పడేశాను. జ్వరంతో పదకొండు మంది ఉన్న ఊరు మా కోసం ఇంటింటా రాగులు పక్కన పెట్టింది. మేం వాళ్ళ కోసం ఎర్ర సిరా పక్కన పెట్టాం. ఈ నియమం సంగతి రేపు సభలో నేనే ఎత్తుతాను. రాసినంత చక్కగా కొట్టేయడం కూడా నాకు వచ్చు. మందు రేపే బయలుదేరుతుందని, లచ్చపుట్టు వాటా ముందు బండిలో ఎక్కిస్తామని బుద్రికి చెప్పాను. తిరుపతిరావు వెనక్కి తిరక్కుండానే తల ఊపాడు.

అంతలో ఆమె ఆగమంది. ఇవాల్టికి సున్నా రాసేశానని, దాన్ని దిద్దాలంటే మళ్ళీ పిలవాలని, స్వయంగా విన్నదే హాజరు కదా అని అంది. అప్పుడు గొంతు సవరించుకొని, సరిగ్గా నేను పిలిచే పద్ధతిలోనే పిలిచింది.

"కొత్తరేవు."

పదకొండేళ్ళుగా పిలవడమే నా పని. మా ఊరి పేరు పెట్టి నన్నెవరూ ఎప్పుడూ పిలవలేదు.

"కొత్తరేవు, హాజరు" అన్నాను. నీళ్ళు కొంచెం ఉప్పగా ఉన్నాయన్నాను. జ్వరం లేదన్నాను. దారి రేపు మీ వైపే అన్నాను.

"నాలుగోది?" అంది బుద్రి.

కిటికీలోంచి ఆ రెండు పొట్టి కర్రలు కనిపించాయి. మా ఇంట్లో ఇక చీరలు ఆరేసుకోవడానికి కర్రల్లేవన్నాను. ఆమెకేమీ అర్థమై ఉండదు. అయినా సోళ్ళతో పాటు వెదురు కూడా పంపిత్తాంలే అప్పా అంది.

ఆరున్నర. మబ్బు. పిలిచిన ఊళ్ళు ముప్పై ఒకటి. పలికినవి ముప్పై రెండు.